అప్పలనరసమ్మకు దాత కావలెను

అప్పలనరసమ్మ తన వాళ్ళను బంగారం అడగలేదు, తోటలో వాటా అడగలేదు. ప్రతి మనిషీ పొద్దున్నే లేచి వదిలించుకునేదే కాస్త ఇమ్మంది. అదీ ఒక్కసారికి. దానికి కూడా ఒక్కడూ ముందుకు రాకపోతే మనిషికి ఒళ్ళు మండదా? మండింది. కంచిలి దగ్గర కొబ్బరితోటల్లో ఉన్న ఆ ఊళ్ళో, పెరటి అరుగు మీద కూర్చుని ఆమె పెట్టిన శాపనార్థాలకు కోళ్ళు కూడా దూరంగా తిరిగాయి.

ఆమె మామూలుగానే మెత్తటి మనిషి కాదు. కేకేస్తే పక్క తోటలో జీడిపిక్కలు ఏరుకునేవాళ్ళు నడుం ఎత్తి చూస్తారు. ఇంటికొచ్చిన వాళ్ళు తినకుండా వెళ్తే పగబట్టి, మళ్ళీ వచ్చినప్పుడు రెండింతలు వడ్డిస్తుంది. చిన్నప్పుడే తల్లి పోతే, పాలు మరవని తమ్ముడు నాగేంద్రబాబును చంకన వేసుకుని పెంచింది. పెళ్ళైనప్పుడు వాణ్ణి కూడా వెంటబెట్టుకుని అత్తారింటికి వచ్చింది. మొగుడు గోవిందరావు ఆమెకు వరసైన బావే కాబట్టి నోరెత్తలేదు. ఇప్పటికీ ఎత్తడు.

అంతటి మనిషి పెరటి గుమ్మం దాటి పోలేని రోగంతో చిక్కి సగమైపోయింది.

కథంతా ఒక ఎండుకొమ్మతో మొదలైంది. జీడితోటలో నడుస్తుంటే పాదంలో దిగబడింది. ఊళ్ళో అందరూ డాక్టరుగారని పిలుచుకునే ఆర్‌ఎంపీ రామూర్తి చూసి, కట్టుకట్టి, గట్టి యాంటీబయాటిక్ ఇచ్చాడు. అది పనిచేయలేదని ఇంకోటి, అదీ చాలదని మూడోది ఇచ్చాడు. కాలు మానింది. మానిన వారానికి విరేచనాలు పట్టుకున్నాయి. రామూర్తి దానికీ ఇంకో యాంటీబయాటిక్కే రాశాడు. ఆయన సంచిలో వేరే మందు ఉంటే కదా!

ఆ ఊళ్ళుండే ఉద్దానం ప్రాంతంలో మనిషి తుమ్మినా ముందు కిడ్నీ సంగతే అడుగుతారు. పెళ్ళిలో భోజనాల దగ్గర కూర్చుంటే పక్కవాడు పిల్లల చదువు అడగడు, “నీ నెంబరు ఎంత?” అంటాడు. నెంబరంటే రక్తంలో క్రియాటినిన్. అది పెరిగిందంటే కిడ్నీ పోతోందని అర్థం. ఇంటికొకరు చొప్పున ఆ నెంబరు పట్టుకుని తిరిగే ఊళ్ళవి. ఇంకో రకం మనుషులూ ఉన్నారు. వాళ్ళు టెస్టే చేయించుకోరు. “నాను ఇంతవరకు సూది గుచ్చించుకోనేదు” అని మీసం మెలేస్తారు. తెలియనంత కాలం జబ్బు లేనట్టేనని వాళ్ళ ధైర్యం.

అప్పలనరసమ్మకు కూడా అందరూ కిడ్నీయే అన్నారు. టెస్టు చేయిస్తే నెంబరు శుభ్రంగా ఉంది. ఆ మాట తెలిసేసరికి చుట్టాలకు ఆమె రోగం మీద ఆసక్తే పోయింది.

“కిడ్నీ కాదట, ఉత్తి కడుపేనట” అని ఒకరికొకరు చెప్పుకుని ఇళ్ళకు పోయారు.

ఆ ఉత్తి కడుపే ఆమెను చావు దాకా తీసుకెళ్ళింది. ఒళ్ళు ఎండిపోయి, కళ్ళు తిరిగి పడిపోతే గోవిందరావు రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరు నీలిమ అనే చిన్న వయసు డాక్టరమ్మ పరీక్షలు చేయించి, పేగులో ఒక చెడ్డ బ్యాక్టీరియా చేరిందని తేల్చింది. దాని పేరు అప్పలనరసమ్మకు నోరు తిరగలేదు, తిప్పుకోవాలని కూడా అనుకోలేదు. డాక్టరమ్మ క్యాప్సూళ్ళు ఇచ్చింది. తగ్గింది. ఇంటికొచ్చి పప్పన్నం తిని, “సచ్చింది దరిద్రపు పురుగు” అని ఊరంతా చెప్పుకుంది. రెండు వారాలు తిరక్కుండా మళ్ళీ మొదలు. మళ్ళీ విశాఖ, మళ్ళీ మందు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. ఊళ్ళోవాళ్ళ సలహాలు వేరే. ఒకరు దానిమ్మ తొక్క అన్నారు, ఒకరు పచ్చి అరటికాయ అన్నారు, దిష్టి అని ఇంకొకరు మిరపకాయలు తిప్పారు. అన్నీ చేసింది. అన్నీ చేసినందుకు తనను తానే తిట్టుకుంది.

నాలుగోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“అమ్మా, మన పేగుల్లో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి. చాలావరకు మనకు మేలు చేసేవే. మీరు వాడిన యాంటీబయాటిక్స్‌తో ఆ మంచివన్నీ పోయాయి. ఖాళీ దొరికేసరికి ఈ చెడ్డది పాతుకుపోయింది.”

“అంటే, తిత్లీ తుఫానుకి తోట పడిపోయినాక ముళ్ళకంప మొలిసినట్టా?”

“అంతే. నేను మందు ఇస్తే కంప నరికినట్టే అవుతోంది. తోట లేదు కాబట్టి మళ్ళీ అదే మొలుస్తోంది. ఎవరిదైనా మంచి తోట నుంచి మొక్కలు తెచ్చి నాటాలి.”

“నాటండి మరి. ఎవులు ఒద్దన్నారు?”

డాక్టరమ్మ కాస్త ఆగి, ఆ మొక్కలు ఎక్కడ దొరుకుతాయో చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకుని, సెలైన్ నీళ్ళలో కలిపి, వడకట్టి, కెమెరా గొట్టంతో ఈమె పెద్ద పేగులోకి ఎక్కిస్తారట. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఇక తిరగబెట్టదట.

గోవిందరావు కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. అప్పలనరసమ్మ నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

“ఓలమ్మో! నాను ఇంకొకరు తిన్న కంచంలో తిన్నదాన్ని కాదు. నాకు ఇంకొకరి దొడ్డి ఎక్కిత్తారా?”

“నోటితో కాదమ్మా. నిద్రమత్తు ఇస్తాం, మీకు తెలియను కూడా తెలియదు. ఇది సరదాకి చెప్పడం లేదు. ఈసారి ముదిరితే పేగు కోసి తీసేయాల్సి రావచ్చు. అప్పటిదాకా మీ ఒళ్ళు తట్టుకుంటుందని కూడా చెప్పలేను.”

అప్పలనరసమ్మ తిట్టకపోవడం చూసి గోవిందరావుకు భయం వేసి, “నాది తీసుకోండి” అన్నాడు.

అక్కడ మొదలైంది అసలు బాధ. దాత మూడు నెలలుగా యాంటీబయాటిక్ ముట్టి ఉండకూడదట. గోవిందరావు కిందటి నెలే జలుబు చేస్తే రామూర్తి దగ్గరికి వెళ్ళి గోళీలు తెచ్చుకున్నాడు.

“జలుబుకి కూడా ఆ గోళీలేనా?” అని భార్య పళ్ళు కొరికింది.

“అందరికీ అవే ఇత్తాడు కదే” అన్నాడు గోవిందరావు నెమ్మదిగా.

నిజమే. ఇంటికొచ్చి ఆరా తీస్తే వీధిలో ఆ గోళీలు మింగనివాడు లేడు. ఒకడు నడుం నొప్పికి మింగాడు, ఒకావిడ కల వచ్చి భయపడితే మింగింది. రామూర్తి ఇంటి ముందు నిలబడి అప్పలనరసమ్మ ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు. ఆయన లోపలి గడియ వేసుకున్నాడని మాత్రం చెప్పుకోవచ్చు.

మిగిలింది ఇద్దరే. ఒకడు కొడుకు ధనుంజయ్, మూలపేట పోర్టు పనుల్లో క్రేను నడుపుతాడు. రెండోవాడు తమ్ముడు నాగేంద్రబాబు. టెక్కలిలో టెంటు హౌసు పెట్టుకున్నాడు. ఇద్దరూ మాత్ర ముట్టని మనుషులు, రాళ్ళు తిని అరిగించుకునే రకం. ఫోన్లో సంగతి చెప్తే ఇద్దరూ పగలబడి నవ్వారు.

“ఓసోస్, ఇదేనా? బకెట్టు కావాలా, డ్రమ్ము కావాలా అప్పా? నా షాపులో బిర్యానీ డేగిసాలు కూడా ఉన్నాయి” అన్నాడు తమ్ముడు.

ఆ కూత వినగానే ఆమెకు సగం రోగం తగ్గినట్టు అనిపించింది. “ముందు విశాఖ వచ్చి రగతం ఇవ్వాల్రా. దాతకి అన్ని టెస్టులూ సేత్తారట, కామెర్లు, కిడ్నీ, అన్నీ” అని చెప్పింది. నాగేంద్రబాబు నవ్వు ఆగింది. “సూద్దాంలే అప్పా, పెళ్ళిళ్ళ సీజను కదా” అన్నాడు. కొడుకును అడిగితే పోర్టులో సెలవు ఇవ్వరన్నాడు. ఆ తర్వాత తమ్ముడు ఫోన్ ఎత్తడం మానేశాడు. కొడుకు ఎత్తేవాడు గానీ, “అమ్మా, సిగ్నల్ లేదు” అని చాలా స్పష్టంగా వినబడేవాడు.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏడవడం చేతకాని మనిషి కాబట్టి అది కూడా కోపంగానే బయటికి వచ్చింది. తన చేతి కూడు తిన్నవాళ్ళు తనకు పారబోసేది కూడా ఇవ్వరా? అసహ్యమా? చుట్టాల్లో తెలిస్తే పరువు పోతుందనా? ఆఖరికి ఒక పొద్దున్న, “బావా, పద టెక్కలి” అని లేచింది.

ఆ ప్రయాణం గురించి గోవిందరావు ఇప్పటికీ ఎవరికీ చెప్పడు. పలాస దాకా ఒక ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో. చేతిలో నీళ్ళ సీసాలు, ఉప్పు పంచదార కలిపిన బాటిల్, మార్చుకునే చీరలు. హైవే పక్కన జీడిచెట్లు కనబడిన ప్రతిచోటా బండి ఆపించింది. డ్రైవరు విసుక్కుంటే, “ఆపకపోతే నీ సీటే పాడవుతాది, నీ ఇష్టం” అంది. వాడు మళ్ళీ నోరెత్తలేదు.

టెంటు హౌసులో నాగేంద్రబాబు కుర్చీలు లెక్క చూసుకుంటున్నాడు. అక్కను చూసి గతుక్కుమన్నాడు. ఆమె అరుగు మీద కూలబడి, ఊపిరి తీసుకుని, వీధి వీధంతా వినేలా మొదలుపెట్టింది.

“ఏరా బాబూ! సిన్నప్పుడు నీ ముడ్డి కడిగింది ఎవుల్రా? నానే కదా? అప్పుడు నాకు అసయ్యం నేదు. ఇప్పుడు నా పేనం మీదకొచ్చి కొంచెం ఇమ్మంటే నీకు అసయ్యమొచ్చిందేటి?”

“అప్పా, మెల్లిగా... జనం సూత్తన్నారు.”

“సూడనీ! అందరూ సెయ్యరేటి ఆ పని? నాను నీ ఆస్తి అడిగినానా?”

అతని భార్య ప్రమోదిని లోపలి నుంచి పరుగున వచ్చి, “లోపలికి రా వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను” అంది. నాగేంద్రబాబు షట్టరు సగం దించాడు.

“అసయ్యం కాదప్పా. నీకు ఎంత కావాలంటే అంత తీసుకో. రోజూ వచ్చి ఇత్తాను. రగతం మాత్రం ఇవ్వను.”

“నీ రగతం ఎవులికి కావాల్రా? టెస్టుకి సిన్న సీసాడు.”

“అదే ఒద్దంటన్నాను.”

“ఎందుకొద్దు?”

అతను కుర్చీలో కూర్చుని ప్యాంటు పైకి లాగి, చీలమండ మీద వేలు పెట్టి నొక్కాడు. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. ప్రమోదిని కూడా అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది, కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పలనరసమ్మ వంగి ఆ గుంటను చూసింది. వాళ్ళ నాన్న కాళ్ళు అచ్చం ఇలాగే ఉండేవి. ఆయన పంచె కిందికి దించుకుని తిరిగేవాడు. తెలిసేసరికి డయాలసిస్ తప్ప ఇంకేమీ మిగల్లేదు.

“నాన్న కూడా ఇలగే దాసినాడు గదరా! దాసి ఏటి బావుకున్నాడు?”

“తెలిసినాక ఏటి బావుకున్నాడప్పా? తెలీనంత కాలం కొబ్బరిసెట్టు ఎక్కినాడు. ఏ రోజైతే ఆ నెంబరు సెప్పినారో, ఆ రోజే మంచం ఎక్కినాడు. నాకు సెప్పించుకోవాలని నేదు. నా పిల్లలు సిన్నోళ్ళు.”

ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తిట్టడానికి వచ్చింది, తిట్టలేదు. అడగడానికి వచ్చింది, ఇప్పుడు అడిగితే తన ప్రాణం కోసం తమ్ముణ్ణి ఆ సూది కిందికి తోసినట్టవుతుంది. అడగకపోతే వీడు నాన్న దారిన పోతాడు, తను ఈ కడుపుతో పోతుంది. ఇదెక్కడి ఖర్మ దేవుడా అనుకుంది.

“నాకేం ఇవ్వకురా. ఒద్దు. నీకోసం టెస్టు సేయించుకో” అంది చివరికి.

“నాకోసమైతే సేయించుకోను” అని నాగేంద్రబాబు ప్యాంటు దించుకున్నాడు.

ఆమె లేచి వచ్చేసింది. ప్రమోదిని కాఫీ తాగమంటే తాగలేదు, తాగితే దారిలో ఎక్కడ ఆపాలో అదో భయం.

మరుసటి వారం ఆమెకు మళ్ళీ ముదిరింది. రక్తం పడింది. గోవిందరావు పలాస స్టేషన్లో ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి విశాఖ రైలు కోసం చూస్తుంటే, కబురు తెలిసి నాగేంద్రబాబు వంతెన మెట్ల మీంచి దిగి వచ్చాడు. బావ చేతిలో సంచి అందుకున్నాడు.

“నీకోసమే వత్తన్నానప్పా. ఆ డాక్టరమ్మకి ముందే సెప్పు. నా నెంబరు నాకు సెప్పకూడదు.”

“అదెలగ కుదురుద్దిరా ఎదవా?”

“కుదరాల” అన్నాడు మొండిగా. ఒంట్లో ఓపిక ఉంటే ఆమె చెప్పు తీసేదే.

కుదరలేదు. మూడోనాడు డాక్టరమ్మ అక్కాతమ్ముళ్ళిద్దర్నీ గదిలోకి పిలిచింది. నాగేంద్రబాబు దాతగా పనికిరాడంది. దీర్ఘకాలం ఉండే జబ్బు ఉన్నవాళ్ళ దగ్గర తీసుకోరట. అతను రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. నలభై దాటిన మనిషి! డాక్టరమ్మ ఓపికగా కూర్చుంది. ఆ చేతులు వాటంతటవే దిగేదాకా ఆగి, అప్పుడు చెప్పింది. కిడ్నీ దెబ్బతింది. సగం కంటే కాస్త తక్కువగా పనిచేస్తోంది. పోయిందాన్ని తేలేం. కానీ డయాలసిస్ ఇప్పుడు అక్కర్లేదు. బీపీకి మందు వాడి, ఉప్పు తగ్గించి, నొప్పుల గోళీల జోలికి పోకుండా ఉంటే ఏళ్ళ తరబడి నిలబెట్టుకోవచ్చు.

బయట వరండాలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అప్పలనరసమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తనకు దాత దొరకలేదు సరే, తన కోసం వచ్చి వీడు ఇరుక్కున్నాడు. ఎవర్ని తిట్టాలో తెలియక ఆ కొమ్మ విరిగిన జీడిచెట్టును తిట్టింది.

నాగేంద్రబాబు జేబులోంచి ఫోను తీశాడు. మేనల్లుడికి చేశాడు.

“ఒరే ధనుంజయా. మావని. సిగ్నల్ ఉందా నేదా? నోరుముయ్, విను. నాది తేలిపోయిందిరా. ఆఁ, ఉన్నాది. కిడ్నీయే. మరి సూడు, మాటాడతన్నానా నేదా? సచ్చిపోయి మాటాడతన్నానేటి? మీ అమ్మకి రగతం పడతన్నాది. సెలవు ఎవుడు ఇవ్వడో నాకు సెప్పు, నాను మాటాడతాను. బేగి రా.”

అవతలి నుంచి ధనుంజయ్ గొంతు సన్నగా వినబడింది. “మావా, నాకు కూడా ఉంటే?”

“ఉంటే ఇద్దరం కలిసి ఉప్పు మానేద్దాం. రారా.”

ధనుంజయ్ ఆ రాత్రి బండికే వచ్చాడు. సూది గుచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. రిపోర్టులన్నీ వచ్చేదాకా అన్నం సరిగా తినలేదు. అన్నీ బాగున్నాయని తెలిశాక చూడాలి వాడి సంబరం! కనబడిన నర్సుకల్లా చెప్పాడు. కొండెత్తుకొచ్చినవాడిలా వార్డంతా తిరిగాడు.

“ఇదే పని ముందే సేసుంటే నాకు ఈ పేగులు మిగిలేవి కదరా!” అని తల్లి మంచం మీంచి అరిచింది.

ముందు రోజు ఆమెకు పేగు శుభ్రం కావాలని విరేచనాల మందు ఇచ్చారు. అప్పలనరసమ్మ ఆ గ్లాసును చూసి నర్సును చూసింది. “నెలల తరబడి పోతన్నదే సాలక, ఇంకా పోడానికి మందా? మీకేటైనా బుర్ర ఉన్నాదా?” అంది. తిడుతూనే ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది. పొద్దున్న ధనుంజయ్ తన వంతు పని తాను చేసి, మూత బిగించిన డబ్బా తీసుకొచ్చి సిగ్గుపడుతూ నర్సు చేతిలో పెట్టాడు. ఆ మధ్యాహ్నమే పని అయిపోయింది. మత్తు వదిలి కళ్ళు తెరిచి ఆమె అడిగిన మొదటి మాట, “ఈడు నిన్న ఏటి తిన్నాడు?”

నాలుగో రోజు పొద్దున్న బాత్‌రూమ్‌లోంచి ఆమె పెట్టిన కేకకు వార్డు వార్డంతా ఉలిక్కిపడింది. గోవిందరావు పరుగెత్తాడు.

“బావా! గట్టిగా అయ్యిందోయ్!”

ఆయన తలుపు బయట నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

నెలలు గడిచాయి, మళ్ళీ రాలేదు. ఆమె ఒళ్ళు చేసింది, గొంతు పూర్వంలా జీడితోట దాటి వినబడుతోంది. ఒక ఆదివారం తమ్ముణ్ణి, ప్రమోదినిని భోజనానికి పిలిచింది. పనసకాయ కూర రెండు గిన్నెల్లో వండింది. తమ్ముడి గిన్నెలో ఉప్పు వేయలేదు. జీవితంలో మొదటిసారి మనిషికి చప్పిడి కూర వడ్డిస్తుంటే ఆమెకు చెయ్యి రాలేదు.

“నిన్ను టెక్కలొచ్చి సతాయించకపోతే, నీ మానాన నువ్వు ఉప్పూ కారం తిని తిరిగేవోడివి. నా రోగం వంక పెట్టి నీ నెత్తిన ఇది రుద్దినాను” అంది.

నాగేంద్రబాబు ముద్ద కలుపుతూ తల ఎత్తలేదు.

“అంతకుముందు ఏడాదిపాటు నాకు నిద్దర్నేదప్పా. రోజూ అందరూ పడుకున్నాక లేసి, లైటేసి, కాళ్ళు నొక్కి సూసుకునేవోణ్ణి. నిన్నటికంటే ఎక్కువ ఉబ్బిందా, తక్కువ ఉబ్బిందా అని. ఆ డాక్టరమ్మ సెప్పిన రోజు ఆస్పత్రి బల్ల మీద పడుకున్నాను. తెల్లారి బావ లేపేదాకా మెలకువ రానేదు.”

అప్పలనరసమ్మ గరిటె గిన్నెలో పడేసింది.

“ఏడాదా? ఏడాదిగా ఒక్కడివీ కూకుని కాళ్ళు సూసుకున్నావా? నాను సచ్చిపోయినానేట్రా నీకు, ఒక్క ముక్క సెప్పడానికి?” అని కేకలేస్తూ, అతని పక్కన కింద కూలబడి భోరున ఏడ్చింది.